అభయం: ఒడ్డున పుట్టిన మాట

గంజాం తీరంలో మార్కండి తెలుగు జాలరుల ఊరు. గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. బడిలో, కచేరీలో ఒడియా వచ్చింది. వల దగ్గర తెలుగే మిగిలింది. సరిహద్దు మారినా మాట మారని అలాంటి ఒడ్డున నిలబడి 'అనుల్లంఘనీయత' అన్న మాటను తలచుకుంటే దాని పుట్టుక కొంత తేటపడుతుంది.

సంస్కృతంలో 'లంఘ్' అంటే దాటడం, దూకడం. దూకి దాటరానిది అనుల్లంఘనీయం. ఇదే అర్థమున్న లాటిన్ మాటకు మూలం 'వీస్', అంటే బలం. బలప్రయోగానికి లొంగకూడనిదని అర్థం. గ్రీకులది ఇంకా సూటి మాట. 'సూలే' అంటే పరుల సొత్తును జప్తు చేసుకునే హక్కు. ఆ హక్కు చెల్లనిది 'అసూలోస్'. ఈనాటి శరణాలయం అన్న భావం అందులోంచే వచ్చింది.

ఆ జప్తు మన తీరంలోనూ సాగింది. తుపానులో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజువే. ప్రాణాలతో బయటపడ్డ వర్తకుడు తడిబట్టలతో చూస్తూ ఉండాల్సిందే. కాకతీయ గణపతిదేవుడు దీన్ని మాన్పించాడు. 1244లో మోటుపల్లి రేవులో వేయించిన స్తంభశాసనంలో, పూర్వరాజులు ఇలా లాక్కునేవారని దాచకుండా చెప్పి, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని మాట ఇచ్చాడు. ధనం కోసం ప్రాణాలొడ్డి సముద్రం దాటేవారిపై దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం ఇస్తున్నానన్నాడు. దానికి పేరు అభయశాసనం. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్లీ అభయమిచ్చాడు.

నాకు అనుల్లంఘనీయత కన్నా అభయమే నచ్చుతుంది. మొదటిది కంచె గురించి చెబుతుంది. రెండోది కంచె లోపలి మనిషి భయం గురించి చెబుతుంది.

ఒడిశా 1982లో సముద్ర మత్స్య చట్టం చేసింది. దాని నిబంధనలు ఒడ్డు నుంచి 5 కిలోమీటర్ల నీటిని సంప్రదాయ పడవలకు కేటాయించాయి. మార్కండి జాలరికి ఆ నీరే అభయం. అందులోకి ట్రాలర్ రాకుండా చూడాల్సింది ఆ మాట ఇచ్చిన ప్రభుత్వమే.