ఒక యంత్రమునకే కట్టుబడిన ఆటలు

పుస్తకమును చదువుటకు కన్నులును, అక్షరజ్ఞానమును ఉన్న చాలును. ఏ ఊర అచ్చయినదైనను ఏ ఇంటనైనను చదువుకొనవచ్చును. గ్రామఫోను రికార్డు అట్టిది కాదు. దానికి తగిన యంత్రము కావలెను. కంప్యూటరు ఆట ఈ రెండింటికంటెను చిక్కైనది. ఇరువది ముప్పది ఏండ్ల క్రిందట వెలువడి లోకమును అలరించిన ఆటలు కొన్ని విండోస్‌ కొరకే పుట్టినవి. మాకింటాష్ గలవారికిని, లినక్స్ వాడువారికిని అవి అందలేదు. చేసినవారు అశ్రద్ధ చూపిరా? లేక వేరు కారణములున్నవా? ఆ చరిత్రను కొంత పరిశీలింతము.

కంప్యూటరునకు గుండెకాయ వంటిది ప్రాసెసరు. ఒక్కొక్క జాతి ప్రాసెసరునకు ఒక్కొక్క ఆజ్ఞావళి గలదు. ఆ ఆజ్ఞలను నేరుగా వ్రాయు విధానమే అసెంబ్లీ భాష. ఒక జాతికి వ్రాసినది వేరొక జాతికి అర్థము కాదు. 1980 ప్రాంతపు గృహ కంప్యూటర్లకు వేగమును తక్కువ, జ్ఞాపకశక్తియు తక్కువ. ఆట చురుకుగా కదలవలెనన్న ఈ భాషయే శరణ్యమయ్యెను.

జోర్డన్ మెక్నర్ అను యువకుడు 1989లో ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ను ఆపిల్ 2 యంత్రము కొరకు ఇట్లే రచించెను. తన తమ్ముడు పరుగెత్తుటను, దూకుటను చిత్రీకరించి, ఆ కదలికలనే కథానాయకునకు అమర్చెను. ఇదంతయు 128 కిలోబైట్ల జ్ఞాపకములో ఇమిడినది. కాని అప్పటికే ఆపిల్ 2 ప్రాభవము తగ్గుచుండెను. 1990లో డాస్ యంత్రములకు ఆ ఆటను తెచ్చుటకై ప్రోగ్రామును మరల వ్రాయవలసి వచ్చెను. ఆ శ్రమకు పూనుకొన్నవారుండుటచేతనే అది లోకమంతట వ్యాపించినది.

ముందుచూపు గలవారును లేకపోలేదు. 1979లో అమెరికాలో స్థాపితమైన ఇన్ఫోకామ్ సంస్థ ‘జోర్క్’ మొదలగు తన ఆటలను ఏ నిజమైన యంత్రమునకును గాక, ఒక ఊహాయంత్రమునకు వ్రాసెను. ఆ ఊహాయంత్రమును అభినయించు చిన్న ప్రోగ్రామును మాత్రము ఒక్కొక్క కంప్యూటరునకు వేరుగా సమకూర్చిరి. అవి అక్షరములతో నడచు ఆటలు గనుక వేగము తగ్గినను నష్టము లేదు. బొమ్మలు పరుగులు తీయు ఆటలకు ఈ సౌలభ్యము లేకపోయెను.

1999లో వెలువడిన ‘రోలర్‌కోస్టర్ టైకూన్’ ఇందుకు మంచి నిదర్శనము. స్కాట్లండు దేశీయుడైన క్రిస్ సాయర్ దీని కర్త. ఇందలి వినోదవనమున వందలకొలది సందర్శకులు తిరుగుచుందురు. ఆకలి, దప్పిక, సంతోషము ఒక్కొక్కరికి వేరువేరుగా లెక్కింపబడును. ఇంత లెక్కను సామాన్య యంత్రముపై నడపుటకై, నూటికి 99 పాళ్లు అసెంబ్లీలోనే వ్రాసినట్లు ఆయన తెలిపియున్నాడు. ఆనాటి మాకింటాష్ ప్రాసెసరు వేరు జాతిది. దానికి తేవలెనన్న ఆ 99 పాళ్లును క్రొత్తగా వ్రాయవలెను. అందుచేత ఆ ఆట ఆనాడు అచటికి పోలేదు. 2003లో ఎక్స్‌బాక్స్‌పైకి వచ్చినది. దాని ప్రాసెసరు ఇంటెల్ జాతిదే యగుట గమనింపదగినది.

భాష యొక్కటియే కారణము కాదు. 1995లో మైక్రోసాఫ్ట్ సంస్థ డైరెక్ట్ ఎక్స్ అను సాధనసముదాయమును వెలువరించెను. బొమ్మకును ధ్వనికిని దానిపై ఆధారపడిన ఆట విండోస్‌ను దాటుట కష్టమయ్యెను. గిరాకియు మరియొక కారణము. విండోస్ ఆటలను లినక్స్‌కు తెచ్చుటకై 1998లో లోకీ సంస్థ వెలసినది. కొనువారు చాలక 2002లో మూతపడినది.

హక్కుల చిక్కు వేరు. 1993 నాటి ‘డూమ్’ ఆట మూలపాఠమును 1997లో ఐడీ సంస్థ లోకమునకు ఉదారముగా విడుదల చేసెను. అయినను డాస్ పాఠమును ఇయ్యలేకపోయెను. అందలి ధ్వనిభాగముపై హక్కు ఇతరులది. లినక్స్ పాఠమును ఇచ్చిరి. దాని ఆధారమున ఔత్సాహికులు ఆ ఆటను లెక్కకు మిక్కిలి యంత్రములకు చేర్చిరి. మూలపాఠము చేతనున్న ఎంత మేలో దీనివలన తెలియుచున్నది. ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ మూలపాఠమో, కర్తకే కనబడకపోయి, 2012లో తండ్రి ఇంట ఒక పెట్టెలోని పాత డిస్కులలో దొరకినది. పెట్టె దొరకనివారి మాట యేమి?

ఒకసారి చేర్చిన చాలునా యన్న, అదియు కాదు. మాకింటాష్ ప్రాసెసరు జాతి 1994లోను, 2006లోను, 2020లోను మారినది. 2019లో వెలువడిన కాటలీనా వ్యవస్థ 32 బిట్ల పాత ప్రోగ్రాములను నడపుట మానివేసెను. అంతవరకు ఆడిన ఆటలు పెక్కు ఆ యంత్రములపై ఒక్కసారిగా మూగపోయినవి.

ఈ నష్టమును పూరించుచున్నవారు ముఖ్యముగా ఔత్సాహికులు. 1993లో మొదలైన వైన్ విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌పై నడపును. 2002లో వెలువడిన డాస్‌బాక్స్ పాత డాస్ యంత్రమును అభినయించును. ‘రోలర్‌కోస్టర్ టైకూన్’ రెండవ భాగమును 2014 నుండి ఓపెన్ ఆర్‌సీటీ2 బృందము ఆజ్ఞ వెంట ఆజ్ఞ పరిశీలించి, ఇతర యంత్రములపైనను నడచునట్లు తిరిగి వ్రాసినది.

కావున ఆనాటి కర్తలను నిందింపరాదు. ఏ నేర్పు ఆ ఆటలకు ప్రాణము పోసెనో, ఆ నేర్పే వాటిని ఒక యంత్రమునకు కట్టివేసినది. రేడియోలో పనిచేయు మాకు ఈ చింత క్రొత్త కాదు. టేపు భద్రముగా ఉండవచ్చును. తిప్పు యంత్రము మూలపడినచో అందలి స్వరము వినరాదు. వస్తువును దాచిన చాలదు. దానిని పలికించు సాధనమును, మూలపాఠమును, హక్కుపత్రములను కూడ దాచవలెను. ఆటలే గదా యని తేలికపరచినచో, ఒక తరము బుద్ధికుశలత రాబోవువారికి కథగా మాత్రమే మిగులును.