మలద్వార చీలిక

మలద్వారపు అంచున లోపలి పలుచని పొర నిలువుగా చిట్లి ఏర్పడే పుండును మలద్వార చీలిక లేదా ఫిషర్ అంటారు. మలబద్ధకంతో గట్టిపడిన మలం దీనికి ప్రధాన కారణం. ఎక్కువగా వెనుకవైపు మధ్యరేఖపై వస్తుంది. విసర్జన వేళ కోసినట్టు నొప్పి, ఆ తర్వాత గంటల తరబడి మంట, ఎర్రని రక్తపు చారలు దీని లక్షణాలు. మొలలుగా పొరబడటం సాధారణం. నొప్పికి లోపలి కండర వలయం బిగుసుకుని రక్తప్రసరణ తగ్గిస్తుంది; భయంతో విసర్జన ఆపుకుంటే మలం మరింత గట్టిపడి, మానుతున్న పుండు మళ్లీ చిట్లుతుంది. చికిత్స లక్ష్యం ఈ విషవలయాన్ని తెంచడమే.

రోజుకు 25–30 గ్రాముల పీచు, తగినంత నీరు, ఇసబ్‌గోల్, 10–15 నిమిషాల గోరువెచ్చని నీటి తొట్టి స్నానంతో కొత్త చీలికలు చాలావరకు కొన్ని వారాల్లో మానుతాయి. మలం మెత్తబడ్డాక కూడా పీచు ఆహారం కొనసాగించడం ముఖ్యం. ఆరు వారాలు దాటితే దీర్ఘకాలిక చీలికగా పరిగణించి 2 శాతం డిల్టియాజెమ్ లేపనం లేదా నైట్రోగ్లిజరిన్ లేపనం వాడతారు. రెండోదానితో తలనొప్పి రావచ్చు. తర్వాతి మార్గం బొటులినమ్ ఇంజెక్షన్. లోపలి కండరాన్ని కొంతమేర కోసే శస్త్రచికిత్సను 1951లో దక్షిణాఫ్రికాకు చెందిన ఐసెన్‌హామర్ వివరించాడు. పక్కవైపు కోసే నేటి పద్ధతి అత్యంత ఫలప్రదం, అయితే కొందరిలో వాయువు, మలంపై అదుపు తగ్గవచ్చు. మధ్యరేఖకు పక్కన వచ్చిన చీలికకు క్రోన్స్ వ్యాధి, క్షయ వంటి కారణాల పరీక్ష అవసరం.