మామయ్య పేరు పక్కన గడి: బైపోలార్ జన్యు పరిశోధనలో మా కుటుంబం

నాకు బైపోలార్ డిసార్డర్ ఉంది. ఎం.ఎస్. అయి ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఒక రిలీజ్ ముందు నాలుగు రాత్రులు నిద్రపోలేదు. నిద్ర కావాలనీ అనిపించలేదు. ఆ వారంలోనే క్రెడిట్ కార్డు మీద మూడు కెమెరాలు కొన్నాను. తర్వాత రెండు నెలలు మంచం దిగలేదు. ఇప్పుడు మందులు వాడుతూ, పని చేసుకుంటూ బాగానే ఉన్నాను.

మా డాక్టరు చెప్పగా ఇక్కడి ఒక యూనివర్సిటీ వారి కుటుంబ జన్యు పరిశోధనలో చేరాను. మనవాళ్ళలో వీటి సంగతి తెలిసినవారు తక్కువ కాబట్టి ఇది రాస్తున్నాను.

రక్తం ఇవ్వడం పది నిమిషాల పని. అసలు పని ఇంటర్వ్యూ. నాకు మూడు గంటలు పట్టింది. ఆ తర్వాత వంశవృక్షం: తాతలు, మేనమామలు, పిన్నులు, ఎవరికి ఏ వయసులో ఏమైంది. మా పెద్దమామయ్య గురించి నాకు తెలిసింది ఒక్కటే, 1986లో ప్రమాదంలో పోయాడని. తెనాలిలో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. "ఇప్పుడవన్నీ ఎందుకురా? చెల్లికి సంబంధాలు చూస్తున్నాం" అని పెట్టేసింది.

ఎందుకో చెప్తాను. పెన్సిల్వేనియాలోని ఆమిష్ కుటుంబాలను పరిశీలించి, ఈ జబ్బుకి సంబంధించిన జన్యువు 11వ క్రోమోజోము మీద ఉందని 1987లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. పెద్ద సంచలనం! 1989లో మళ్ళీ లెక్క వేస్తే ఆ ఆధారం కూలిపోయింది. ఆరోగ్యవంతులుగా లెక్కించిన ఇద్దరికి తర్వాత జబ్బు బయటపడింది. ఆ వంశంలోనే మరికొందరిని కొత్తగా కలిపారు. రెండు గడులు తప్పయితే మొత్తం క్వెరీ ఏమవుతుందో మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఒకే ఒక్క 'బైపోలార్ జన్యువు' లేదని ఇప్పుడు తేలింది. 2025 జనవరిలో 'నేచర్'లో వచ్చిన అధ్యయనం 1,58,036 మంది రోగులను 28 లక్షల మంది ఇతరులతో పోల్చి, జన్యుపటంలో 298 చోట్ల సంబంధం చూపింది. ఒక్కోదాని ప్రభావం బహు స్వల్పం. అందుకే రక్తం ఇచ్చినందుకు మీకు రిపోర్టు ఏమీ రాదు. ఆ అధ్యయనంలో యూరపు, తూర్పు ఆసియా, ఆఫ్రికన్ అమెరికన్, లాటినో మూలాలవారు ఉన్నారు. మన దక్షిణాసియా వర్గమే లేదు.

చెల్లి సంబంధాల గురించి అమ్మ భయానికి కొన్ని అంకెలు. ఈ జబ్బు మామూలుగా నూటికి ఒకరికి వస్తుంది. రోగి తోబుట్టువుల్లో, పిల్లల్లో నూటికి సుమారు ఐదు నుంచి పది మందికి. అంటే తొంభై మందికి పైగా రాదు.

ఇక చట్టం. అమెరికాలో 2008లో వచ్చిన 'జీనా' చట్టం ప్రకారం జన్యు సమాచారాన్ని, కుటుంబ రోగ చరిత్రని బట్టి హెల్త్ ఇన్సూరెన్సు వారు గానీ ఉద్యోగం ఇచ్చేవారు గానీ వివక్ష చూపకూడదు. 15 మందికన్నా తక్కువ ఉద్యోగులున్న కంపెనీలకు ఇది వర్తించదు. లైఫ్, డిసెబిలిటీ, లాంగ్ టర్మ్ కేర్ ఇన్సూరెన్సులకూ వర్తించదు! సంతకం చేసేముందు ఇది గుర్తుంచుకోండి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు గానీ, అప్పటికే ఇతర పరిశోధకులకు పంచిన డేటా వెనక్కి రాదు. బంధువుల తరఫున మనం ఒప్పుకోవడం కుదరదు, ఎవరికి వారే సంతకం పెట్టాలి. ఇండియాలో ఉన్నవారైతే బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో, ఒకే ఇంట్లో ఒకరికి మించి తీవ్ర మానసిక జబ్బులున్న కుటుంబాల మీద ఇలాంటి పరిశోధనే చేశారు. అక్కడి డాక్టర్లను అడిగి చూడవచ్చు.

తర్వాతి వేసవిలో అమ్మ ఇక్కడికి వచ్చింది. తనే అడిగి చేరింది. కన్సెంట్ కాగితాలు నేను తెలుగులో చదివి వినిపించాను. ఇంటర్వ్యూకి మాత్రం నన్ను బయటికి పంపి, ఫోన్లో తెలుగు దుబాసీని పెట్టారు. మంచి పని చేశారు. నా ఎదురుగా అయితే చెప్పేది కాదు. తిరిగొస్తుంటే కారులో అంది, "అది ప్రమాదం కాదురా. అంతకుముందు ఏడాది నాటకం కంపెనీ పెడతానని అరెకరం అమ్మాడు. రాత్రీ పగలూ మాట్లాడేవాడు. తర్వాత ఆరు నెలలు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మా నాన్న సోమరిపోతన్నాడు."

కాసేపాగి, "అప్పుడు మందులున్నాయా?" అని అడిగింది. ఉన్నాయి. లిథియం ఈ జబ్బుకి పనిచేస్తుందని 1949లోనే ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ రాశాడు. ఆ మాట అమ్మకి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

చెల్లి చేరనంది. మళ్ళీ అడగలేదు.