చుక్క సత్తయ్య
చుక్క సత్తయ్య (1935 మార్చి 29 - 2017 నవంబరు 9) తెలంగాణకు చెందిన ప్రముఖ ఒగ్గు కథా కళాకారుడు. ఈయన స్వగ్రామం జనగామ జిల్లా (పూర్వపు వరంగల్ జిల్లా) లింగాల ఘనపూర్ మండలంలోని మాణిక్యాపురం.

ఒగ్గు కథ
ఒగ్గు అనగా శివుని ఢమరుకం. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను ఒగ్గు పూజారులు కురుమ, గొల్ల కులాలవారి ఇళ్ళలోను, జాతరలలోను చెబుతారు. సూర్యాపేట సమీపాన దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేళ్ళకొకసారి జరిగే లింగమంతుల స్వామి జాతర కూడా యాదవుల శైవ సంప్రదాయానికి చెందినదే. ప్రధాన కథకుడు కథ చెబుతూ అందులోని రాజు, రాణి, కాపరి మొదలైన పాత్రలన్నీ తానే అభినయిస్తాడు. వంతగాళ్ళు ఊఁ కొడుతూ, ప్రశ్నలు వేస్తూ కథను ముందుకు నడిపిస్తారు. డోలు, తాళాలు ముఖ్య వాద్యాలు. ఈ కథలు ప్రధానంగా గురువు నోటి నుండి శిష్యునికి అందేవి. అందువలన ఒక పెద్ద కథకుని దీర్ఘాయుష్షు అనేక కథలకు ఆయుష్షు అవుతుంది.

ప్రదర్శనలు
పూజావిధిలో భాగంగా రాత్రంతా సాగే కథను సత్తయ్య సభావేదికలకు అనువుగా మలచి, కులాల పరిధి దాటించి సాధారణ ప్రేక్షకులకు చేర్చాడు. వేదికపై ముగ్గుల పట్నం, భక్తుల మొక్కు ఉండవు కనుక కథ స్వభావం కొంత మారక తప్పలేదు. అయితే ఒగ్గు కథకు విస్తృతమైన గుర్తింపు లభించినది ఈ మార్పు వల్లనే. ఈయన 12 వేలకు పైగా ప్రదర్శనలు ఇచ్చినట్లు చెబుతారు. 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందాడు.

మరణం
82 ఏళ్ళ వయసులో 2017 నవంబరు 9న మరణించాడు.