మూడు గొంతుల సంగీతము

1982లో అమెరికాలో వెలువడిన కమడోర్ 64 అను గృహ కంప్యూటరులో, బాబ్ యానెస్ రూపొందించిన ‘సిడ్’ అను ధ్వని చిప్పు ఉండెను. దానికి మూడే గొంతులు. ఒక్కొక్కటి ఒక క్షణమున ఒకే స్వరమును పలుకగలదు. వీడియో ఆటల పాటకు ఒక గొంతు, మంద్రమునకు ఒకటి పోగా, పాశ్చాత్య సంగీతమునకు ప్రాణమైన స్వరమేళనము మిగిలిన ఒక్క గొంతుతో ఎట్లు పలుకును?

మాంచెస్టరులోని ఓషన్ సంస్థకు పనిచేసిన మార్టిన్ గాల్వే వంటివారు ఒక ఉపాయము పన్నిరి. స, గ, ప లను వెంటవెంటనే, సెకనుకు 50 మార్ల వరకు మార్చిరి. చెవి వానిని విడదీయలేక గలగలమను ఒకే నాదముగ వినును. తిరుగుచున్న పంకా రెక్కలు మన కంటికి పళ్లెమువలె తోచుట ఇట్టిదే గదా! తాళపు దెబ్బ కావలసినచో, ఆ మూడింటిలో ఒక గొంతే తన పని క్షణకాలము మాని రొద చేయవలెను.

1990 తరువాత కాంపాక్టు డిస్కులు వ్యాపించి, వాద్యబృందపు సంగీతమే ఆటలలోనికి వచ్చినది. ఇబ్బంది తీరెను. విచిత్రమేమనగా, అభిమానులు ఆ ఇబ్బందినే కోరి తెచ్చుకొనిరి. 2000లో స్వీడను దేశీయుడు యోహాన్ కొట్లిన్‌స్కీ, 1989 నాటి గేమ్ బాయ్ యంత్రమునకై ‘లిటిల్ సౌండ్ డీజే’ అను సంగీత సాధనమును వ్రాసెను. ఆ యంత్రమునకు నాలుగు గొంతులు. ముప్పది వాద్యముల పాటను నాలుగింట ఇముడ్చునప్పుడు దేనిని విడువవలెను? వేణువును విడిచినను పాట నిలువవచ్చును. మంద్రమును విడిచినచో తరచు కూలును. అభిమాని ఒక్కొక్క స్వరమును తీసి, విని, మరల పెట్టి చూచుచుండును.