నాలుగు చీరల బొంత

కూర్చో నాయనా, మంట దగ్గరికి జరుగు. ఆ కందికట్టెని కాలితో తొయ్యకు, రవ్వలు లేస్తాయి. ధనుర్మాసం చలి ఏ ఊళ్లోనైనా చలే గానీ, మన కొల్లేటి ఒడ్డున అది రెండు వైపులా కొరుకుతుంది. పైనుంచి మంచు, కిందనుంచి నీటి చెమ్మ. ఇదిగో, ఈ బొంత కప్పుకో. మొహం అలా చిట్లించకు, అది ముక్క వాసన కాదు, వేపాకు వాసన. పెట్టె అడుగున ఎండు వేపాకు పరిచి దాస్తాను మరి.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు గానీ, ఈ బొంత వయసు నీ వయసుకి రెండింతలు. ఇందులో నాలుగు చీరలున్నాయి. పైన కనపడే ఆకుపచ్చ నేతచీర మా అత్తగారిది. అడుగున ఉన్న మంకెనపువ్వు రంగుది మా అమ్మది. మధ్యలో ఇంకో రెండున్నాయి. వాటి సంగతికి వస్తాను, తొందరపెట్టకు. రాత్రి పెద్దది, కట్టెలు బోలెడున్నాయి.

మా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. మా నాన్న ధాన్యం మిల్లులో గుమస్తా. ఇంటి పెత్తనం మాత్రం మా అమ్మమ్మది. ఆవిడకి అక్షరం ముక్క రాదు, లెక్కలో మాత్రం ఎవరికీ దొరికేది కాదు. 1957 ఏప్రిల్ ఒకటో తారీఖున కొత్త పైసలొచ్చాయి. అప్పుడు నాకు పదకొండేళ్లు. అంతకుముందు రూపాయికి పదహారణాలు. కాణీ, అర్ధణా, అణా, బేడ, పావలా అని చిన్నపిల్లలం కూడా వేళ్ల మీద చెప్పేవాళ్లం. కొత్త లెక్కలో రూపాయికి వంద పైసలన్నారు. అప్పుడు అణాకి ఆరుంపావు పైసలవ్వాలి కదా, ఆ పావు పైసా ఎక్కణ్ణించి తెస్తావు? అంచేత సర్కారు వాళ్లు పట్టిక వేశారు: అణాకి 6, బేడకి 12, మూడణాలకి 19, పావలాకి 25. ఊరంతా నెల్లాళ్లు కొట్ల దగ్గర తగవులే తగవులు.

మా అమ్మమ్మ మాత్రం తగవు పడలేదు. బొంత కుట్టడానికి నాలుగు దారపుండలు కావాలి. ఉండ అణా. నాలుగూ ఒక్కసారి కొంటే పావలా, అంటే పాతిక పైసలు. ఒక్కొక్కటే కొంటే నాలుగార్లు ఇరవై నాలుగు. నన్ను పిలిచి, చేతిలో ఆరు పైసలు పెట్టి, "ఒక్కటే తే" అంది. తెచ్చాను. మళ్లీ ఆరు పైసలు, మళ్లీ ఒక్కటే. మూడోసారి నన్ను చూసి శెట్టిగారు నవ్వి, "అర్థమైంది తల్లీ, ఎండలో ఇంకోసారి తిరక్కు. రెండూ పట్టుకుపో, నాలుగో ఉండ ఆరు పైసలూ తర్వాత ఇద్దువుగాని" అన్నాడు. ఆ మిగిలిన పైసాని మా అమ్మమ్మ తులసికోట గూట్లో పెట్టింది. ఏం చేసిందో తెలీదు గానీ, చాలాకాలం అది అక్కడే ఉంది.

నువ్విప్పుడు నవ్వుతున్నావు. నవ్వు, తప్పులేదు. ఆ పైసా దాచిన చెయ్యే, వీధిలో ఎవరింట పురుడొచ్చినా పసిగుడ్డుకి పొత్తిళ్ల బొంత కుట్టి ఊరికే ఇచ్చేది. దానికి తన చీరే చింపేది. కొత్త గుడ్డ పసివాళ్ల ఒంటికి గరుకు. వందసార్లు ఉతికి, ఎండి, అరిగిన నూలుచీర వెన్నలా ఉంటుంది. గుడ్డ పాతబడేకొద్దీ దానికి దయ వస్తుంది అనేది.

బొంత కుట్టడమంటే ఒక్కరి పని కాదు. ముందు నేలంతా అలికి ఆరబెట్టి చాప పరిచేవాళ్లం. దాని మీద అడుగుచీర. ముడత లేకుండా లాగి, నాలుగు మూలలా బరువు: ఒక మూల పొత్రం, ఒక మూల పీట, మిగతా రెండు మూలలా పిల్లల్ని కూర్చోబెట్టేవాళ్లు. పిల్లలు కదిలితే మొట్టికాయ. ఆ పైన చిరుగు చీరలు, ఆ చిరుగులు ఒకదాని మీద ఒకటి రాకుండా అటూ ఇటూ తిప్పి పరవాలి. అన్నిటికన్నా పైన కాస్త కండ ఉన్న చీర. మొదట పెద్ద పెద్ద టాకాలు వేసి కదలకుండా చేసి, అప్పుడు నలుగురూ నాలుగు పక్కలా కూర్చుని అంచు నుంచి నడిమికి కుట్టుకుంటూ వచ్చేవాళ్లు. ఎవరి కుట్టు ఎవరిదో చూడగానే తెలిసిపోయేది. ఇదిగో, ఈ పక్క చూడు, చీమలబారులా ఎంత సన్నగా ఉందో. ఇది మా అత్తగారు. ఈ పక్క గెంతులేసుకుంటూ పోయింది చూశావా? ఆవిడ గురించే చెప్పబోతున్నాను.

ఉండు, ఏలూరు సంగతి మరిచిపోయేట్టున్నాను. మా మేనమామ ఇల్లు ఏలూరులో. సెలవలకి వెళితే ఆయన నన్ను తివాచీలు నేసే ఇళ్లకి తీసుకెళ్లేవాడు. వాళ్ల పెద్దలు ఎప్పుడో పర్షియా దేశం నుంచి వచ్చారని చెప్పుకునేవారు. మగ్గం గోడలా నిలబెట్టి ఉండేది. దాని ముందు వరసగా కూర్చుని ఉన్నిపోగు ముడివేసి కోసి, ముడివేసి కోసి, పువ్వులు పూయించేవాళ్లు. ఆ తివాచీలు ఓడలెక్కి ఇంగ్లండు పోయేవి. అదే ఊళ్లో జూట్ మిల్లు ఉండేది, గోనె సంచుల పెట్టు. బళ్లు తోలేవాళ్ల ఆడవాళ్లు ఆ గోనెని విప్పి, రెండు చీరల మధ్య పెట్టి, దబ్బనంతో బొంత కుట్టేవాళ్లు. రాత్రంతా బండి మీద పడుకున్నా మంచు దిగేది కాదు. తివాచీ గొప్పదే, కాదనను. కానీ ఏలూరు పేరు చెప్పగానే అందరూ తివాచీనే తలుచుకుంటారు, ఆ గోనె బొంతని ఎవరూ తలవరు. నాకది బాధ.

సరే, కథలోకి వద్దాం. 1963లో నాకు పెళ్లయింది. ఆకివీడులో రైలు దిగి, ఎడ్లబండి ఎక్కి, ఆ తర్వాత తాటిదోనెలో ఈ లంకకి కాపరానికొచ్చాను. మా అమ్మ సారెతో పాటు ఒక పుస్తకం పెట్టింది. కొన్నది కాదు, కుట్టింది. మిల్లులో ఒక పక్కే రాసిన కాగితాలూ, నా బడి పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలూ కూర్చి, దబ్బనంతో మూడు బెజ్జాలు పొడిచి, మైనం రాసిన దారంతో కుట్టింది. అట్టకి పాత క్యాలెండరు. మైదాపిండి ఉడికించి అందులో చిటికెడు మైలుతుత్తం కలిపి అంటించింది. మైలుతుత్తం ఎందుకో చెప్పు చూద్దాం? తెలీదు కదా. అది కలిపితే బొద్దింకా పురుగూ అట్ట జోలికి రావు. అరవై ఏళ్లు దాటింది, ఆ అట్టకి ఒక్క చిల్లు లేదు.

ముందు సగంలో పాటలు: మంగళహారతులు, నలుగుపాట, అప్పగింతల పాట. సిరాబిళ్ల నీళ్లలో కరిగించి పాళీతో రాసింది. వెనక సగం ఖాళీ. "నీ సంసారం నువ్వు రాసుకో" అంది. ఏమేం రాశాననుకున్నావు? ఆవు ఈనిన తిథి, పిల్లల పుట్టిన ఘడియలు, కొల్లేరు అరుగు మీదికెక్కిన ఏడు, ఊరగాయ కొలతలు. అన్నిటికన్నా ఎక్కువగా చదివింపులు. ఎవరింటి శుభకార్యానికి మనం ఎంత చదివించాం, మనింటికి వాళ్లెంత చదివించారు.

అక్కడే వచ్చింది చిక్కు. మా పెద్దాడి బారసాలకి మా తోడికోడలు 2 రూపాయలు చదివించింది. వాళ్లబ్బాయి బారసాలకి మేము 5 చదివించినట్టు నా పుస్తకంలో ఉంది. నోరు మూసుకుని ఊరుకోవాలా? ఊరుకోలేదు. పదిమందిలో పుస్తకం తీసి చదివాను. ఆవిడ వెండి మొలతాడు బొమ్మ కూడా ఇచ్చానంది. ఆ బొమ్మ పుస్తకంలో లేదు. 3 రూపాయల దగ్గర పదకొండు నెలలు మాటల్లేవు! ఒకే వాకిలి, ఒకే రోలు, ఒకే నుయ్యి. నేను ఎదురుగా నిలబడి ఉండగానే ఆవిడ మావాణ్ణి పిలిచి, "ఒరే, మీ అమ్మ రోకలి ఇస్తుందేమో అడుగు" అనేది. నేను, "ఒరే, మీ పెద్దమ్మని గోడకి ఆనించి ఉంది తీసుకోమను" అనేదాన్ని. మూడేళ్ల వెధవ, మా ఇద్దరి మధ్యా తపాలా బంట్రోతులా తిరిగేవాడు. మా అత్తగారు చూసి చూసి, "కందకి లేని దురద కత్తిపీటకెందుకు, మీరే తేల్చుకోండి" అని ఊరుకుంది.

మళ్లీ వేసవొచ్చింది. లంకలో వేసవంటే తెలుసా నీకు? ఇప్పుడు ఫోను కొడితే కూరగాయలు గుమ్మంలోకొస్తున్నాయి. అప్పుడు వానలు మొదలైతే బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ తెచ్చి కొల్లేటిలో పోసేవి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అంతనీరు ఒక్క గొంతులోంచి పోవాలంటే ఎన్నాళ్లు పడుతుంది? అన్నాళ్లూ మా లంక చుట్టూ నీళ్లే. దోనె తప్ప దారి లేదు, సంతకి పోవడం గగనం. అంచేత ఎండాకాలంలో మేం ఎండబెట్టని వస్తువు లేదు. నీరు తీసినప్పుడు చేపలు రాశులుగా పడేవి. మట్టగిడసలు, జెల్లలు, చేదుపరిగెలు ఉప్పు పట్టించి ఎండేసేవాళ్లం. పెరట్లో కాసిన వంకాయ, కాకరకాయ ఒరుగులు, గుమ్మడి వడియాలు, చల్లమిరపకాయలు, చింతకాయ తొక్కు. చివరికి ఆవకాయ.

నూజివీడు వైపు నుంచి పుల్లకాయ బళ్ల మీదా పడవల మీదా వచ్చేది. కాయ కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్క కొట్టాలి. టెంక లేని ముక్క ఏడాది నిలవదు, మెత్తబడిపోతుంది. ఆవపిండి, కారం, ఉప్పు సమపాళ్లు, ముక్క మునిగేదాకా పప్పునూనె. మూడోనాడు తిరగకలిపి, నూనె ముక్క పైన రెండు వేళ్లెత్తు నిలిచిందో లేదో చూసి, జాడీకి గుడ్డ వాసెన కట్టాలి. ఉప్పు ముక్కలో నీరు లాగేస్తుంది, నూనె గాలి తగలనివ్వదు, పులుపు సరే సరి. ఇంక బూజుకి చోటేదీ? ఫ్రాన్సులో అపేర్ అనే ఆయన సీసాల్లో తిండి పెట్టి, బిరడా బిగించి, మరిగే నీళ్లలో ఉడికిస్తే నిలవుంటుందని కనిపెట్టాడట. 1810లో అక్కడి సర్కారు ఆయనకి 12,000 ఫ్రాంకులు బహుమానం ఇచ్చిందట. మా మనవరాలు చదివి చెప్పింది. గొప్ప పనే చేశాడు మహానుభావుడు. ఆవకాయ జాడీకి మొదటిసారి వాసెన కట్టిన ఇల్లాలి పేరు మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు.

ఆ రోజు వాకిట్లో చాపల మీద ఆవకాయ మిరపకాయలు ఎండేశాం. పెద్ద తుంగచాపలు, కొల్లేటి తుంగతో అల్లినవి. ఇప్పుడు అలాంటి తుంగ ఏదీ? కొల్లేరంతా చేపల చెరువులయ్యాక తుంగ పోయింది. 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో చెరువు గట్లు కొట్టేశారు, అయినా ఆ పాత నీరు మళ్లీ రాలేదు. ఆ మాటెత్తితే తెల్లారిపోతుంది, పోనీ. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా ఈశాన్యాన మబ్బు పట్టింది. టపటపమని చినుకులు. నేను ఒక పరుగు, మా తోడికోడలు ఒక పరుగు. చాపకి రెండు కొసలుంటాయి కదా, ఒక్కరు ఎత్తితే కాయలన్నీ నేలపాలు. ఆవిడ ఆ కొస పట్టుకుని నన్ను చూసింది. నేను ఈ కొస పట్టుకుని ఆవిణ్ణి చూశాను. మధ్యలో తపాలా బంట్రోతు లేడు, నిద్దరోతున్నాడు. "ఎత్తవే, తడిసిపోతున్నాయి!" అని అరిచింది. పదకొండు నెలల తర్వాత మొదటి మాట అది.

ఆ కార్తీకంలో ఈ బొంత వేశాం. మా అమ్మమ్మ పోయిన ఏడాదే అది. ఆవిడ తెల్లచీర పుట్టింటి నుంచి తెచ్చుకున్నాను, అది లోపలి మూడోచీర. ఇంకొకటి తక్కువైంది. మా తోడికోడలు లోపలికి వెళ్లి తన వంకాయరంగు చీర తెచ్చి, ఏమీ మాట్లాడకుండా పరిచింది. గెంతులేసే కుట్టు ఆవిడదే. ఆ రాత్రి నా పుస్తకంలో "వెండి మొలతాడు బొమ్మ 1" అని రాశాను. ఆవిడ నిజంగానే ఇచ్చిందా లేదా అని మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న బొంతలన్నీ మూటగట్టి పంపాం. ఇదొక్కటే అట్టిపెట్టుకున్నాను. అమ్మమ్మ లేదు, అమ్మ లేదు, అత్తగారు లేదు, మా తోడికోడలు పోయి కూడా తొమ్మిదేళ్లయింది. నలుగురూ ఇప్పుడు నీ వీపు మీదే ఉన్నారు.

మంట ఆరిపోతోంది, ఇక పడుకో. మీ అమ్మ పాతచీరలు అటక మీద మూట కట్టి పడేసిందని నిన్న నువ్వే చెప్పావు. ఈసారి వచ్చేటప్పుడు ఆ మూట పట్టుకురా. మీ చెల్లెల్ని కూడా తీసుకురా, చాపకి రెండో కొస పట్టాలి. సూదిలో దారం మాత్రం నువ్వే ఎక్కించాలి, నాకు కళ్లు ఆనడం లేదు.