ఇల్లు లేని భాష: బెర్గెన్ రేవు చెప్పే కథ

నార్వే దేశపు పడమటి తీరాన బెర్గెన్ అనే రేవు పట్టణం ఉంది. ఊరి నడిబొడ్డు దాకా చొచ్చుకొచ్చిన సముద్రపు పాయను వోగెన్ అంటారు. యాత్రికులు చూడవలసినవన్నీ దాని చుట్టుపక్కలే ఉన్నాయి. చేపల అంగడి, రంగురంగుల కొయ్య ఇళ్ల వరుస, రాజు కట్టించిన రాతి మండపం, పాత చర్చి, కొంచెం అవతల నాటకశాల. నేను అక్కడ మూడు రోజులు కాలినడకన తిరిగాను. తిరిగినకొద్దీ కట్టడాల కంటే, ఒకప్పుడు ఆ గోడల మధ్య వినిపించి ఆగిపోయిన మాటల మీద ధ్యాస ఎక్కువైంది. చుట్టూ మరో భాష ఉన్న ఊళ్లలో తరతరాలుగా తెలుగు మాట్లాడుకుంటూ వస్తున్న మనకు ఆ కథ పనికివస్తుందనిపించి రాస్తున్నాను.

1070 ప్రాంతంలో ఓలావ్ క్యుర్రె అనే రాజు ఈ ఊరిని నెలకొల్పాడని చెబుతారు. ఊరిని పెంచింది మాత్రం ఎండుచేప. ఉత్తరాన లొఫోటెన్ దీవుల దగ్గర పట్టిన కాడ్ చేపను ఉప్పైనా చల్లకుండా కొయ్య దండేల మీద చలిగాలికి ఆరబెడతారు. అది కట్టెలా బిగుసుకుపోయి ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. క్రైస్తవ యూరప్‌లో మాంసం ముట్టకూడని ఉపవాస దినాలు చాలా ఉండేవి కనుక ఈ చేపకు గిరాకీ ఎక్కువ. నార్వేలోనేమో పంటభూమి తక్కువ, ధాన్యం బయటినుంచి రావాలి. ల్యూబెక్ మొదలైన జర్మన్ పట్టణాల వర్తకులు ధాన్యం తెచ్చి చేప పట్టుకుపోయేవారు. హాన్సా అనే కూటమిగా ఏర్పడిన ఆ వర్తకులు 1360 ప్రాంతంలో బెర్గెన్ రేవు ఒడ్డున తమ కొఠీని స్థిరపరచుకున్నారు. ఈనాడు యాత్రికులు ఫొటోలు తీసుకునే కొయ్య ఇళ్ల వరుస, బ్రిగ్గెన్, ఆ కొఠీ ఉన్న చోటే.

ఇళ్ల మధ్య చెక్కలు పరచిన ఇరుకు సందులు ఉన్నాయి. వాటిలోకి వెళితే తారు వాసన, పాత కొయ్య వాసన కలిసి వస్తాయి. కింద గోదాములు, పైన వర్తకుడి గది, పనివాళ్లు పడుకునే చెక్క అరలు. కొఠీలోని వర్తకులు, గుమాస్తాలు, పని నేర్చుకునే కుర్రాళ్లు అందరూ మగవాళ్లే. అక్కడ ఉన్నంతకాలం పెళ్లి చేసుకోకూడదని కట్టుబాటు. ఊరి ఆడపిల్లను చేసుకుంటే వ్యాపార రహస్యాలు బయటకు పోతాయని, ఆస్తి చేయి జారుతుందని వాళ్ల భయం. కొత్తగా వచ్చిన కుర్రాళ్లను కొట్టి, పొగ పట్టించి, నీళ్లలో ముంచి పరీక్షించే క్రూరమైన ఆటలు కూడా ఉండేవి. కొయ్య ఇళ్లలో నిప్పు రాజేయకూడదు కనుక, వంటకీ చలి కాచుకోవడానికీ వెనుక వేరే సభాశాలలు కట్టుకున్నారు. షోట్‌స్టూవెనె అనే ఆ శాలలను ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉంచారు. చలికాలపు సాయంత్రాలు వాళ్లు కూడి తినడం, తాగడం, చదువుకోవడం, తగవులు తీర్చుకోవడం అక్కడే. అన్నీ వాళ్ల లో జర్మన్ భాషలోనే.

అక్కడికి దగ్గరలో జంట గోపురాల మరియా చర్చి ఉంది. పన్నెండో శతాబ్దపు కట్టడం. ఊళ్లో ఇంకా నిలిచి ఉన్నవాటిలో ఇదే పాతది. 1408 నుంచి 1766 దాకా ఇది జర్మన్ వర్తకుల గుడి. 1676లో వర్తకులు ఇచ్చిన ప్రవచన పీఠం చిత్రమైన పనితనంతో నేటికీ మెరుస్తోంది. వర్తకం, గుడి, చదువు, పంచాయతీ, లెక్కల పుస్తకం ఇవన్నీ ఒక భాష చేతిలో నాలుగు వందల ఏళ్లు ఉన్నాయి. ఏ అల్పసంఖ్యాక భాషకైనా ఇంతకు మించిన బలం ఏం కావాలి?

అయినా ఆ భాష అక్కడ మిగలలేదు. కొఠీకి వెలుపల కాపురాలు పెట్టుకున్న జర్మన్ చేతిపనివాళ్లు, ముఖ్యంగా చెప్పులు కుట్టేవాళ్లు, చాలామంది ఉండేవారు. 1559లో కోట అధికారి వాల్కెన్‌డార్ఫ్ వాళ్లను ఊరి పౌరులుగా చేరతారా, వెళ్లిపోతారా అని నిలదీశాడు. ఉండిపోయినవాళ్ల వంశాలు కాలక్రమాన నార్వే కుటుంబాలైపోయాయి. వర్తకం తగ్గుతూ వచ్చి 1754లో కొఠీ మూతపడింది. 1766లో చివరి జర్మన్ వాటా కూడా చేతులు మారింది. వెళ్లినవాళ్లు వెళ్లారు. ‘మా అమ్మ ఈ మాట మాట్లాడేది’ అని చెప్పుకునే బిడ్డలను కొఠీ కనలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 నుంచి 1945 దాకా, నార్వే జర్మన్ సైన్యం కింద ఉంది. 1944 ఏప్రిల్ 20న పేలుడు పదార్థాలు నింపుకున్న ఓడ ఒకటి ఈ రేవులోనే పేలింది. హోకొన్ రాజు తన కొడుకు మాగ్నుస్ పెళ్లినాటికి, 1261కి, సిద్ధం చేయించిన రాతి మండపం కప్పు ఎగిరిపోయి గోడలు మిగిలాయి. దాన్ని తిరిగి కట్టి 1961లో తెరిచారు. అంతవరకూ కొయ్య ఇళ్ల వరుసను జనం ‘జర్మన్ రేవు’ అనే అర్థం వచ్చేలా టిస్కెబ్రిగ్గెన్ అనేవారు. 1945లో ఆ పేరులో ‘జర్మన్’ తీసేసి ఉత్త బ్రిగ్గెన్ చేశారు. కడుపు మండినవాళ్లు చేసిన పని. తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

కానీ బోర్డు మీది పేరు తీసినంత సులువుగా నోట్లో మాట తీయలేరు. నార్వే భాషలో డబ్బు చెల్లించడానికి ‘బెతాలె’ అంటారు, దర్జీకి ‘స్క్రెద్దెర్’, పనికి ‘అర్బైద్’, మాట్లాడడానికి ‘స్నక్కె’. అన్నీ లో జర్మన్ నుంచి వచ్చినవే. ‘భాష’ అని చెప్పడానికి వాళ్లు వాడే ‘స్ప్రోక్’ సైతం అక్కడిదే. నార్వే భాషలో నామవాచకాలకు సాధారణంగా మూడు లింగాలు. బెర్గెన్ ఊరి మాటలో రెండే మిగిలాయి. ఇది ఆ పాత సహవాసం ఫలితమని భాషావేత్తలు చెబుతారు. రెండు భాషలూ దగ్గరి చుట్టాలు కనుక, బేరం దగ్గర ఎవరి మాట వారు మాట్లాడినా ఎదుటివాడికి చాలావరకు అర్థమయ్యేది. మాటలు మిగిలాయి, మాట్లాడేవాళ్లు మిగలలేదు.

ఇక రెండో కథ. 1955 జూలై 4న బ్రిగ్గెన్‌లో మంటలు లేచి కొంత భాగం బూడిదైంది. ఆ ఖాళీ నేలను హెర్టైగ్ అనే పురాతత్వవేత్త తవ్వించాడు. ఊరు పదేపదే తగలబడింది కనుక, 1198, 1248, 1413, 1476 మంటల బూడిద పొరలే ఆయనకు పంచాంగమయ్యాయి. తడి మట్టిలో కొయ్య చెడకుండా ఉంది. దాంట్లో రూన్ లిపి చెక్కిన పుల్లలు, ఎముకలు వందల కొద్దీ బయటపడ్డాయి. లెక్క సుమారు 670కి చేరింది. అప్పటిదాకా రూన్ అంటే రాజుల, వీరుల స్మారక శిలల లిపి అని చాలామంది తలపు. ఇక్కడ దొరికినవి మామూలు జనం రాతలు. సరుకు మూటకు కట్టిన ‘ఇది ఫలానావాడిది’ అనే చీటీలు, ప్రార్థనలు, ప్రేమ కబుర్లు, లాటిన్ కవి వర్జిల్ పాదం ఒకటి. ఒక పుల్ల మీద, గీదా నిన్ను ఇంటికి రమ్మంటోంది అనే కబురు ఉంది. తాగుడు అంగడిలో కూర్చున్న మొగుడికి పెళ్లాం పంపిందని జనం నవ్వుకుంటారు. 1976లో తెరిచిన బ్రిగ్గెన్ మ్యూజియంలో ఇలాంటి పుల్లల ముందు నేను నిలబడ్డంత సేపు రాతిమండపం ముందు నిలబడలేదు.

ఆ గీదా మాటకూ కష్టకాలం వచ్చింది. డెన్మార్క్ రాజుల ఏలుబడిలో నార్వేకు రాతభాష డేనిష్ అయింది. బెర్గెన్‌లో పుట్టిన మహా రచయిత హోల్బెర్గ్ రాసినదీ ఆ భాషలోనే. 1814లో ఆ ఏలుబడి పోయినా నాటకాలు ఆడేది డేనిష్ నటులే. వయొలిన్ విద్వాంసుడు ఊలె బుల్ నార్వే నటులు నార్వే మాటలో ఆడాలని పట్టుబట్టి 1850లో ఇక్కడ నాటకశాల పెట్టాడు. మరుసటి ఏడు ఇబ్సెన్ అనే యువకుడు అక్కడ పనికి చేరి 1857 దాకా ఉన్నాడు. ఊరి నడుమ ఊలె బుల్ విగ్రహం వయొలిన్ పట్టుకుని నిలబడి ఉంది. 1909లో కట్టిన నేటి నాటకశాల అక్కడికి కొద్ది అడుగుల దూరమే. రాజ్యం, కచేరీ, పుస్తకం అన్నీ డేనిష్ చేతిలో ఉన్న రోజుల్లో కూడా ఆ మాట వంటింట్లో, పడవ మీద, పొలంలో నలుగుతూనే ఉంది. నాటకశాల దాన్ని వేదిక ఎక్కించిందే తప్ప పుట్టించలేదు.

ఒకే రేవులో రెండు భాషలు. ఒకదానికి డబ్బు, గుడి, చట్టం ఉన్నాయి, పిల్లలు లేరు. మరొకదానికి ఏ అధికారమూ లేదు, కానీ ఇంటికి రమ్మనే మనిషి ఉంది. మొదటిది మ్యూజియంలో ఉంది. రెండోది వీధిలో ఉంది.

హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో మనం పాఠశాలల కోసం, బోర్డుల కోసం, పత్రికల కోసం అడుగుతూనే ఉండాలి. అవి న్యాయమైన కోరికలే, ఆపకూడదు. మన తెలుగులో తమిళమో కన్నడమో ఒడియానో కలిసిందని ఎవరైనా ఎగతాళి చేస్తే కుంగిపోనక్కర్లేదు. ‘భాష’ అనే మాటనే అప్పు తెచ్చుకున్నవాళ్లు దర్జాగా బతుకుతున్నారు. భయపడవలసింది వేరే ఉంది. పొద్దుపోయాక పిల్లవాణ్ణి ఇంటికి పిలిచే కేక ఏ భాషలో ఉంది? అది తెలుగులో ఉన్నంతకాలం మిగతావన్నీ తిరిగి సంపాదించుకోవచ్చు.